నాలుగూ అయిదు నుంచి నాలుగూ పదకొండు దాకా

కొండ మీది రాడార్ కేంద్రం,
స్టాఫ్ క్వార్టర్స్,
మార్చి 4

వదినా,

నువ్వు వెళ్ళి మూడు వారాలు దాటింది. ఇంటి సంగతులు అన్నయ్య రాసే ఉంటాడు. తన ఉత్తరాలు నాకు తెలియనివా, "అందరం బాగున్నాం, నువ్వూ బాగుండు" అని రెండు లైన్లు, కింద సంతకం. అసలు సంగతి ఆయన రాసి ఉండడు, అందుకే నేను రాస్తున్నాను. నా బుర్ర తిరిగిపోతోంది వదినా.

నువ్వు డ్యూటీ దిగి రైలెక్కావే, ఆ సాయంత్రమే ఇక్కడొక చేపల పడవ తునాతునకలైపోయింది. అందులో ఇద్దరు అన్నదమ్ములు. ఓడల దారిలో ఒక పెద్ద ఓడ వాళ్ళని రాసుకుంటూ పోయింది, ఆ ఓడలోవాళ్ళకి తెలియను కూడా తెలియదట. అన్న తన తమ్ముణ్ణి ఒక చెక్కకి కట్టి, తెల్లారేదాకా నీళ్ళలో పట్టుకునే ఉన్నాడు. తమ్ముడి కాలు మోకాలి కింద తీసేశారు.

అంతసేపు ఎందుకు దొరకలేదంటే, మన లాంచీలు వెతికింది ఓడల దారిలో కాదు, పిట్టల రాళ్ళ దగ్గర. అక్కడే ఎందుకంటే నా లాగ్‌బుక్కులో అలా ఉంది కాబట్టి. "ట్రాక్ 417. చేపల పడవ. పిట్టల రాళ్ళ నిషేధ ప్రాంతం వైపు పోతోంది. సమయం 4:15." నా చేతిరాతే, నా సంతకమే. నాలుగున్నరకి తెర మీద ఆ ట్రాక్ చుక్క రాళ్ళలో కలిసి మాయమైంది. నేను నా కళ్ళతో చూశాను. మరి మనిషి అయిదు మైళ్ళ అవతల ఎలా తేలాడు?

రేవు ఆఫీసువాళ్ళ లెక్క వేరే ఉంది. పడవాయన, అదే ఆ ఇద్దరిలో పెద్దవాడు, నిషేధ ప్రాంతంలో దొంగగా వల వేశాడట. రాడార్‌కి కనపడాలని కర్రకి కట్టుకునే రేకు ఊడదీసి, అందరి కళ్ళూ గప్పి ఓడల దారికి పారిపోయాడట. ఏప్రిల్‌లో విచారణ. అదే తేలితే లైసెన్సు శాశ్వతంగా రద్దు. పడవ ఎలాగూ పోయింది, లైసెన్సు కూడా పోతే ఆయన మరొకరి పడవ కూడా ఎక్కలేడు.

నిన్న ఆయన మన గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. "తల్లీ, నువ్వు చూసింది నన్ను కాదు" అన్నాడు. అంతే. ఆ మాటకి నాకు నిన్నట్నుంచి ముద్ద దిగట్లేదు.

నువ్వు సీటు దిగేముందు 417 ఎక్కడుంది? అది పడవేనా? బాగా గుర్తు తెచ్చుకుని రాయి.

ఇంకోటి. నువ్వు ఇక అన్నయ్య దగ్గరికి తిరిగి రానన్నావు కదా. ఆ మాట నేనెవరికీ చెప్పలేదు. నోట్లో నువ్వుగింజ నానని దాన్ని, ఎలా దాస్తున్నానో నాకే తెలీదు. అన్నయ్య నీ ట్రైనింగు ఎప్పుడైపోతుందా అని లెక్కపెట్టుకుంటూ వంటగదికి రంగు వేస్తున్నాడు. పసుపు. నీకిష్టమని. నీకిష్టమేనా అసలు?

నీ ఆడపడుచు


శిక్షణ కేంద్రం హాస్టల్,
పై అంతస్తు, చివరి గది,
మార్చి 13

ఏమే మరదలు పిల్లా,

నీ ఉత్తరం చదివితే ఎవరైనా ఆ పడవని నువ్వే గుద్దావనుకుంటారు. ఊళ్ళో పాపమంతా నెత్తినేసుకునే అలవాటు నీకెప్పుడు పోతుందో!

ఇక్కడ నా సంగతి విను. గదిలో ఇద్దరం. రెండో ఆవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుంది. పొద్దున్నే ఇరవైమంది కొత్తవాళ్ళకి పాఠం. పడవకీ పిట్టల గుంపుకీ తేడా ఎలా తెలుస్తుందని అడిగితే ఒకడు లేచి, "మేడమ్, పిట్టలు ఎగురుతాయి" అన్నాడు. క్లాసంతా నవ్వు. తెర మీద రెండూ చుక్కలేరా నాయనా, ఎగిరేది ఏదో ఈదేది ఏదో చుక్క చెప్పదు అన్నాను. వేగం చూడు, పోయే దారి చూడు, చుక్క ఒకసారి పెద్దదై ఒకసారి చిన్నదవుతోందా చూడు, అప్పుడు ట్యాగ్ పెట్టు అని చెప్పి చెప్పి గొంతు పోయింది.

417 సంగతి నాకు సరిగా గుర్తులేదు. ఏదో పడవ ఉన్నట్టే ఉంది. ఆ రోజు నా మనసు నా దగ్గర ఉందా చెప్పు? నువ్వు చూసింది నువ్వు రాశావు. దానికి నీ తప్పేముంది? విచారణలో ఆ ముక్కే చెప్పి బయటికి రా. కందకు లేని దురద కత్తిపీటకెందుకు?

రెండో సంగతి నీ కడుపులోనే ఉంచుకో. ట్రైనింగు అయ్యాక మీ అన్నయ్యకి నేనే చెబుతాను. అదొక్కటీ నాకు వదిలేయ్.

పసుపు రంగు మీ అమ్మగారికిష్టం. నాకు కాదు.

వదిన


కొండ మీది కేంద్రం,
మార్చి 24

వదినా,

ఉన్నమాట చెప్పేస్తున్నాను, కూర్చుని చదువు.

మన టెక్నీషియన్ని, అదే ఎప్పుడూ చెవిలో పెన్సిల్ పెట్టుకు తిరిగే పెన్సిలాయన్ని, బతిమాలి ఆ రోజు రికార్డింగు వేయించాను. తెర మీద మళ్ళీ అదే సాయంత్రం. మూడున్నరకి 417 బయటి నుంచి ఇంటికొస్తోంది. నీటుగా, గీత గీసినట్టు, గంటకి ఏడు నాటికల్ మైళ్ళ వేగం. ట్యాగ్ "పడవ". నువ్వు పెట్టిందే, నూటికి నూరుపాళ్ళూ కరెక్టు. మూడూ నలభైకి ఇంకో ట్రాక్, 422. వంకర టింకరగా, చుక్క ఉబ్బుతూ తగ్గుతూ. ట్యాగ్ "పిట్టలు". అదీ నువ్వు పెట్టిందే. అదీ కరెక్టే. రోజూ ఆ వేళకి రాళ్ళకి చేరే గుంపు. ఆ రోజు ఎదురుగాలి, అందుకని పిట్టలు కూడా పడవంత నెమ్మదిగానే పోతున్నాయి.

నాలుగూ ఏడుకి రెండు చుక్కలూ ఒకదాని మీదొకటి పడ్డాయి. యాంటెన్నా ఆరు తిప్పులు తిరిగేదాకా తెర మీద ఒక్కటే చుక్క. విడిపోయాక ఏది ఏదో మిషను తనకి తోచినట్టు పంచేసింది. పడవ పేరు పిట్టలకి, పిట్టల పేరు పడవకి. 

నేను "ఆపండి" అని అరిచాను. పెన్సిలాయన పాపం ఉలిక్కిపడి కాఫీ ఒలకబోసుకున్నాడు.

నేను నాలుగూ పదిహేనుకి రాసుకున్న 417 పిట్టల గుంపు వదినా! అది రాళ్ళలోకి పోక ఎక్కడికి పోతుంది, వాటి ఇల్లే అది. అసలు పడవ 422 అయిపోయి, "పిట్టలు" అని ట్యాగ్ తగిలించుకుని, తిన్నగా ఇంటిదారి పట్టింది. మధ్యలో ఓడల దారి దాటాలి. పిట్టలని ట్యాగ్ ఉన్నవి రేవు టవరువాళ్ళకి తెర మీద కనపడవు, చికాకని మనమే దాచేస్తాం కదా. వాళ్ళు దారి ఖాళీ అనుకుని ఓడని వదిలారు. ఆయన రేకు కట్టే ఉన్నాడు. మనమే ఆయన్ని పిట్ట అన్నాం.

రెండు చుక్కలు కలిసి విడిపోతే సీట్లో ఉన్నవాళ్ళు కళ్ళతో చూసి ట్యాగులు సరిచేయాలి. నాకు నేర్పింది నువ్వే. మరి సీట్లో ఎవరున్నారు? రిజిస్టరు తీశాను. నువ్వు డ్యూటీ దిగినట్టు సంతకం 4:05. నేను ఎక్కినట్టు సంతకం 4:11. ఆ ఆరు నిమిషాలూ గదిలో ఇద్దరం ఉన్నాం, తెర ముందు ఎవరూ లేం.

ఏం చేస్తున్నామో నీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. నువ్వు నీళ్ళ కూజా దగ్గర నిలబడి ఆ మాట చెప్పావు. నీ మొహంలోకి చూడలేక నేను గోడ గడియారం చూశాను. నాలుగూ ఏడు.

పడవాయన తప్పేం లేదని చెప్పాలంటే ట్యాగులు తారుమారయ్యాయని చెప్పాలి. అప్పుడు వాళ్ళు అడిగే మొదటి ప్రశ్న, మీరిద్దరూ అప్పుడేం చేస్తున్నారని. ఇక గోరుచుట్టు మీద రోకలిపోటు ఏంటో తెలుసా? విచారణలో సాక్ష్యాలు టైపు చేసేది మన అన్నయ్య. రేవు ఆఫీసులో ఉన్న స్టెనో ఒక్కడేగా. చెల్లెలు సాక్షి కదా అని ఎవరో అంటే, "ఆయన టైపు చేస్తాడు, తీర్పు చెప్పడు కదా" అన్నాడట విచారణాధికారి. అన్నయ్యని తప్పించమని అడగాలంటే ఎందుకో నేను చెప్పాలి.

నాకేం తోచట్లేదు. ఏం చేయమంటావో రాయి.

నీ ఆడపడుచు


శిక్షణ కేంద్రం హాస్టల్,
ఏప్రిల్ 1

చెల్లీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు క్లాసుకి వెళ్ళలేదు. జ్వరమని చెప్పాను.

ఆ మాట చెప్పొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటాను, అది మాత్రం చెప్పొద్దు. ట్యాగులు మారాయని చెప్పు. తప్పు మనదని చెప్పు. నా ఒక్కదానిదే అని చెప్పినా సరే, నేనేం అనను. కానీ ఆ ఆరు నిమిషాలు కుర్చీ చక్రం ఊడిపోతే ఇద్దరం కలిసి బిగిస్తున్నామని చెప్పు. ఎవరికి తెలుస్తుంది?

ఎందుకు వెళ్ళిపోతున్నావని నువ్వు ఆ రోజు అడిగావు, నేను చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏదైనా ఉంటే కదా! తాగడు, కొట్టడు, తిట్టడు. నలుగురూ "బంగారంలాంటి మనిషి" అంటారు, కాదని నేనూ అనలేను. ఎనిమిదేళ్ళు చెల్లీ. సినిమాకి వెళ్దామంటే సరే, వద్దంటే సరే. పోయినేడు ఆ స్కానింగు అయ్యాక, ఇక పిల్లలు పుట్టరని డాక్టరమ్మ చెప్పిన రోజు, నేను స్నానాలగదిలో గంట ఏడ్చి బయటికొచ్చాను. కళ్ళు వాచిపోయి ఉన్నాయి. "కాఫీ పెట్టనా?" అన్నాడు. ఏమైందని అడగలేదు. పెట్టమన్నాను. పెట్టాడు. బాగుంది కూడా. దీన్ని ఏమనాలి? ఇది బాధేనా, నేనే కొరివితో తల గోక్కుంటున్నానా? మా అక్కతో అంటే "నీకు సుఖం ఎక్కువై" అంది.

ఇప్పుడు నువ్వు ఇదంతా రాడార్‌కి ముడిపెట్టి ఏదో అంటావు, నాకు తెలుసు. అనకు. తెర దగ్గరి తప్పు వేరు, నా కాపురం వేరు.

ఆయనకి నా నోటితో నేను చెప్పాలి. పదిమంది ముందు, ఆయన చేత టైపు కొట్టించి కాదు. పగవాడికి కూడా అలా చేయకూడదు.

కుర్చీ అని చెప్పు.

వదిన


కొండ మీది కేంద్రం,
ఏప్రిల్ 8

వదినా,

కుర్చీ అని చెప్పను.

నిన్న ఆస్పత్రికి వెళ్ళాను. ఆ తమ్ముడికి పాతికేళ్ళు కూడా ఉండవు. నేనెవరో చెబితే, "మా అన్న రేకు కట్టాడండీ, నేనే కర్ర పట్టుకున్నాను" అన్నాడు. ఎవరు కనిపిస్తే వాళ్ళకి అదే చెబుతున్నాడట, నర్సు చెప్పింది. కాలు సంగతి ఎత్తట్లేదు.

విచారణ పదిహేడున. ఇంకా తొమ్మిది రోజులుంది. నువ్వే అన్నయ్యకి రాసేయ్. నేను ఆ గదిలోకి వెళ్ళేలోపు ఆయనకి తెలియాలి, అంతే నేను అడిగేది. రోజూ గేటు దగ్గర పోస్టు నేనే తీసుకుంటున్నాను. నీ కవరు వస్తే ఆయన చేతికిచ్చి బయటికెళ్ళిపోతాను. ఒట్టు.

నీ ఆడపడుచు


కొండ మీది కేంద్రం,
ఏప్రిల్ 18

వదినా,

నీ కవరు రాలేదు.

నీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. నీ మీద జాలిగా కూడా ఉంది. రెండూ ఒకేసారి ఉండొచ్చని నాకిప్పుడే తెలిసింది. ముందు జరిగింది చెబుతాను.

రేవు ఆఫీసులో పెద్ద గది. బల్లకి ఆ కొసన విచారణాధికారి, ఈ కొసన నేను, మధ్యలో పక్కగా అన్నయ్య, టైపు మిషనుతో. పడవాయన గోడవారగా బెంచీ మీద. ముందు రికార్డింగు వేసి చూపించాను. రెండు చుక్కలు కలవడం, విడిపోవడం, పేర్లు మారిపోవడం. అధికారి మూడుసార్లు చూశాడు. బానే ఉందనుకున్నాను. 

ఆ తర్వాత అడిగాడు, "అప్పుడు సీట్లో ఎవరమ్మా?"

"ఎవరూ లేమండీ. డ్యూటీ మారుతున్నాం."

"డ్యూటీ మారడానికి ఆరు నిమిషాలా?"

"సొంత విషయం మాట్లాడుకున్నామండీ."

ఆయన ఫైల్లోంచి ఒక కాగితం తీశాడు. అది నీ చేతిరాత. నాకు ఒక్క ముక్క చెప్పకుండా నువ్వు వాళ్ళకి రాసి పంపేశావు, కుర్చీ చక్రం ఊడిందని. "మీ వదిన కుర్చీ అంటోంది. మీరు సొంత విషయం అంటున్నారు. కుర్చీ చక్రాలు పోయిన ఏడాదే కొత్తవి వేసినట్టు స్టోర్సు రిజిస్టర్లో ఉంది. ఇద్దరిలో ఒకరు అబద్ధం చెబుతున్నారు. అప్పుడు ఈ చుక్కల కథ మాత్రం నేనెందుకు నమ్మాలి? ఆ పడవాయన్ని కాపాడటానికి అల్లిందేమో!"

పడవాయన లేచి నిలబడ్డాడు. టోపీ చేతిలో నలిపేస్తూ నా వైపు చూస్తున్నాడు.

నాకు ముందు నుయ్యి వెనుక గొయ్యి. అన్నయ్య చేతులు మిషను మీద పెట్టుకుని, నా జవాబు కోసం చూస్తున్నాడు. చెప్పేశాను వదినా. "మా వదిన ఇక మా అన్నయ్య దగ్గరికి తిరిగి రానని చెప్పింది. నాకేం చేయాలో తెలియలేదు. తెర చూడలేదు."

అధికారికి ఆ అన్నయ్య ఎవరో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. అన్నయ్య తల ఎత్తలేదు. "టైమెంత?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"ఆ మాట ఎన్నింటికి అంది?"

"నాలుగూ ఏడుకి."

టైపు కొట్టాడు. 

సాక్ష్యం అయ్యాక టైపు చేసినవాళ్ళే సాక్షికి చదివి వినిపించాలి కదా, రూలు. "నేను చదువుకుంటానులే అన్నయ్యా" అన్నాను. వినలేదు. మొదటి లైను నుంచీ చదివాడు, ట్రాక్ నంబర్లూ, వేగాలూ, అన్నీ. అక్కడికొచ్చాడు. "‘మా వదిన ఇక మా అన్నయ్య దగ్గరికి తిరిగి రానని 4:07కి నాతో చెప్పింది.’ సరిగ్గా ఉందా?" అన్నాడు.

ఉందన్నాను.

"సంతకం పెట్టు" అన్నాడు.

పడవాయన తప్పు లేదని సాయంత్రానికే తేల్చేశారు. లైసెన్సు ఆయన చేతికిచ్చేశారు. నాకు మెమో ఇచ్చి ఆర్నెల్లు తెర ముందు కూర్చోవద్దన్నారు, రికార్డు గదిలో వేశారు. నీకూ మెమో వస్తుంది. పడవాయన గేటు దగ్గర ఆగి, "తమ్ముడికి చెప్పాలి" అని గబగబా ఆస్పత్రి వైపు వెళ్ళిపోయాడు.

అన్నయ్యా నేనూ నడిచి ఇంటికొచ్చాం. తలుపు తాళం తీస్తూ అడిగాడు, "నీకెప్పట్నుంచి తెలుసు?"

"ఆ రోజు నుంచే."

"రెండు నెలలు నా ఎదురుగా కూర్చుని తిన్నావు" అన్నాడు. లోపలికెళ్ళి పడుకున్నాడు. లైటు వేసుకునే పడుకున్నాడు.

పొద్దున్నే లేచి ఆఫీసుకి వెళ్ళాడు. నాతో మాట్లాడట్లేదు. వదినా, నేను చేసింది తప్పా ఒప్పా? పడవాయన మొహం గుర్తొస్తే ఒప్పనిపిస్తోంది. ఇంటికొస్తే తప్పనిపిస్తోంది. నువ్వైనా నన్ను తిట్టు, ఎవరో ఒకరు తిడితే బాగుండు.

నీ ఆడపడుచు


శిక్షణ కేంద్రం హాస్టల్,
మే 5

చెల్లీ,

తిట్టను. తిట్టాల్సింది నన్ను. కుర్చీ కాగితం నీకు చెప్పకుండా పంపింది నేనే. నువ్వు మొండిదానివని తెలిసి, ముందే నీ దారి మూసేద్దామనుకున్నాను. ఆ తమ్ముడు కాలు పోగొట్టుకుని మంచం మీదుంటే, నేను చక్రం గురించి అబద్ధం రాస్తూ కూర్చున్నాను. సిగ్గుగా ఉంది.

మీ అన్నయ్యకి ఆ తొమ్మిది రోజుల్లో నాలుగు ఉత్తరాలు రాశాను. నాలుగూ చించేశాను. ఎందుకు వెళ్తున్నానో రాయాల్సిన చోటికి వచ్చేసరికి కలం సాగదు. 

విచారణ రికార్డు నాకు కూడా వచ్చింది. నేనూ సాక్షినే కాబట్టి నా ప్రస్తావన ఉన్న ప్రతి పేజీ మీదా నేను సంతకం పెట్టి పంపాలట, నిజం కాకపోతే కాదని రాయాలట. ఏడో పేజీలో నా మాట ఉంది. ఒక్క అక్షరం తప్పు లేదు. కామా కూడా సరైన చోటే ఉంది. కింద, "టైపు చేసి, చదివి వినిపించినవారు" అని ఆయన సంతకం. దాని కింద నాకు ఖాళీ చోటు.

పొద్దున్నుంచీ ఆ కాగితం ముందు కూర్చున్నాను. కాదని రాసేస్తే ఏమవుతుందని కూడా ఆలోచించాను, దాచుకోను. రాస్తే నువ్వు అబద్ధాలకోరువవుతావు, పడవాయన లైసెన్సు మళ్ళీ తిరగబడుతుంది. మీ అన్నయ్య మాత్రం సంతోషిస్తాడా? అదీ తెలీదు. ఎనిమిదేళ్ళు కాపురం చేసిన మనిషి దేనికి సంతోషిస్తాడో నాకు తెలీదంటే, అడగనిది ఆయనొక్కడేనా? నేనెప్పుడు అడిగాను?

సంతకం పెట్టాను. నేనన్న మాటే, నాలుగూ ఏడుకే అన్నాను.

శనివారం మధ్యాహ్నం బండికి వస్తున్నాను. ఉండిపోవడానికని రాయను, వెళ్ళిపోవడానికని కూడా రాయను. ఆయన ఎదురుగా కూర్చుని ఆ మాట నా నోటితో చెప్పాలి. స్కానింగు రోజు సంగతి కూడా చెప్పాలి. ఆ తర్వాత ఆయనేమంటాడో వినాలి. అంతవరకే నాకు తెలుసు, అవతలేముందో తెలీదు. భయంగా ఉంది చెల్లీ.

నువ్వు స్టేషన్‌కి రావద్దు. ఆయన్ని రమ్మని వేరే ఉత్తరం రాశాను. మళ్ళీ చించేస్తానేమోనని ముందు దాన్ని పోస్టు డబ్బాలో వేసి వచ్చి, ఆ తర్వాత నీకిది రాస్తున్నాను.

వదిన